లైబ్రరీల చుట్టరికాలు

అమెరికాలో లైబ్రరీ గడప తొక్కని తెలుగు కుటుంబం ఉండదేమో! పిల్ల ఇంకా తప్పటడుగులు వేస్తుండగానే స్టోరీ టైముకి ఎత్తుకుపోతాం. బడిలో వేశాక వారం వారం సంచీ నిండా బొమ్మల పుస్తకాలు, హైస్కూలుకొచ్చాక ఎస్.ఏ.టి. గైడ్లు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే, మనం ఆఫీసులకి వెళ్లిన వేళ వాళ్లకి కాలక్షేపం కూడా అక్కడే. ఇన్నిసార్లు వెళ్లి వస్తున్నా, అక్కడి కౌంటరు దగ్గర మనలో చాలామంది ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటుంది. "తెలుగు పుస్తకాలు దొరుకుతాయా?" అని.

అడగకపోవడానికి కారణం ఊహించలేనిదేమీ కాదు. కౌంటరు వెనక కూర్చున్నావిడకి తెలుగు అనే భాష ఒకటుందని తెలుసో లేదో! తెలిసినా, వేయిపడగలు ఏదో, వంటల పుస్తకం ఏదో ఆవిడేం చెప్పగలదు? ఇదీ మన అనుమానం. ఆవిడకి తెలుగు రాని మాట నిజమే. కానీ ఆవిడకి తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. అసలు కిటుకు అక్కడుంది.

ఒకప్పుడు లైబ్రరీ గొప్పతనాన్ని బీరువాల్లో ఎన్ని పుస్తకాలున్నాయో దాన్నిబట్టి లెక్క కట్టేవారు. ఇప్పుడా లెక్క సరిపోదు. ఎంత పెద్ద లైబ్రరీ అయినా అన్ని పుస్తకాలూ కొనలేదు. కొన్నా పెట్టడానికి చోటుండదు. చోటున్నా వంద భాషలు చదవగల ఉద్యోగులు ఎక్కడ దొరుకుతారు? అందుకని ఒక లైబ్రరీ ఇంకో లైబ్రరీతోనూ, ఊళ్లో ఉన్న బడులతోనూ, మనలాంటి సంఘాలతోనూ, ఎక్కడో దూరదేశంలో ఉన్న పుస్తకాల వ్యాపారులతోనూ పెట్టుకున్న సంబంధాలే ఈనాటి లైబ్రేరియన్‌కి అసలు ఆస్తి. మన పెద్దవాళ్లు "వాళ్లకేమండీ, బలగం ఉంది" అనేవారు చూడండి, అదే ఇదీ. తెలుగు పుస్తకం విషయంలో ఈ బలగం ఎలా పనిచేస్తోందో, అందులో మనం ఎక్కడున్నామో ఒకసారి చూద్దాం.

కాగితం పట్టీ కట్టిన పుస్తకం

మీ ఊరి లైబ్రరీలో లేని పుస్తకాన్ని వేరే ఊరి నుంచో, వేరే రాష్ట్రం నుంచో తెప్పించి ఇచ్చే సదుపాయాన్ని ఇంటర్‌లైబ్రరీ లోన్ అంటారు. చాలాచోట్ల ఇది ఉచితం. కొన్నిచోట్ల పోస్టు ఖర్చులకని కొద్దిగా తీసుకుంటారు. మీరు ఫారం నింపి ఇస్తే, ఆ పుస్తకం దేశంలో ఎక్కడెక్కడ ఉందో మీ లైబ్రరీవాళ్లే వెతికి, అడిగి, తెప్పించి, "మీ పుస్తకం వచ్చింది" అని మీకు కబురు చేస్తారు. దాని అట్ట చుట్టూ ఒక కాగితం పట్టీ కట్టి ఉండవచ్చు. దాన్ని చింపకండి! ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పటికల్లా తిరిగి వెళ్లాలో దానిమీదే రాసి ఉంటుంది.

ఎక్కడుందో వాళ్లకెలా తెలుస్తుంది? దీని వెనక ఒక మంచి కథ ఉంది. 1967లో ఒహాయో రాష్ట్రంలోని 54 కాలేజీలు కలిసి ఒక సంస్థ పెట్టుకున్నాయి. దానికి నాయకుడు ఫ్రెడరిక్ కిల్గోర్ అనే లైబ్రేరియన్. ఆయన ఆలోచన చాలా సాదా అయినది. ఒకే పుస్తకానికి యాభై లైబ్రరీల్లో యాభైమంది విడివిడిగా కూర్చుని కేటలాగు కార్డు రాయడం దేనికి? ఒకరు రాస్తే మిగిలిన నలభైతొమ్మిది మంది అదే వాడుకోవచ్చు కదా! 1971 ఆగస్టు 26న ఒహాయో యూనివర్సిటీ లైబ్రరీలో కంప్యూటరు మీద ఆ పని మొదలైంది. పని మిగలడం ఒక లాభం అయితే, ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో అందరికీ తెలిసిపోవడం రెండోది. 1979 నుంచి ఆ కంప్యూటరు మీదే పుస్తకాలు అరువు అడగడం కూడా మొదలుపెట్టారు. ఆ సంస్థే ఓ.సి.ఎల్.సి. దాని కేటలాగు పేరు వరల్డ్‌క్యాట్. 2006 నుంచి దాన్ని ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడవచ్చు.

అయితే తెలుగువాళ్లకి అక్కడ ఒక చిక్కు ఉంది. ఆ కేటలాగులో మన పుస్తకాల పేర్లు చాలావరకు రోమన్ అక్షరాల్లోనే ఉంటాయి. అవి మనం ఈమెయిళ్లలో రాసుకునే స్పెల్లింగులు కావు. లైబ్రరీలవాళ్లు ఒప్పుకున్న పద్ధతి వేరు. అందులో "చ"కి సీ ఒక్కటే. సీ పక్కన హెచ్ పెడితే అది "ఛ" అయిపోతుంది. అంచేత చందమామ కావాలంటే సీ-ఏ-ఎన్-డీ-ఏ-ఎం-ఏ-ఎం-ఏ అని కొట్టాలి. "త"కి టీ ఒక్కటే, హెచ్ అక్కర్లేదు. సీతని ఎస్-ఐ-టీ-ఏ అని వెతకాలి తప్ప డబుల్ ఈ పెట్టకూడదు. అక్షరాల మీద గీతలు, కింద చుక్కలు ఉంటాయి గాని వెతికేటప్పుడు వాటిని వదిలేయవచ్చు. ఇక కృష్ణశాస్త్రి గారిని పట్టుకోవాలంటే కే-ఆర్-ఎస్-ఎన్-ఏ అని మొదలుపెట్టాలి. చూడటానికి ఏదో కంపెనీ పేరులా ఉన్నా, ఆ దేవులపల్లి వారే! ఈ సంగతి తెలియక "మన పుస్తకాలు అసలేం లేవండీ" అని వదిలేసేవాళ్లు ఎందరో. రెండు మాటలు కలిసిన పేరయితే కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి వెతకండి.

వెతికాక ఇంకో ఆశ్చర్యం ఎదురవుతుంది. మీరెప్పుడో తాతగారింట్లో చూసిన పుస్తకం షికాగోలో ఉంటుంది. ఇంకోటి మాడిసన్‌లో, మరోటి బర్క్‌లీలో. ఇన్ని తెలుగు పుస్తకాలు ఈ దేశానికి ఎవరు మోసుకొచ్చారు?

గోధుమలు ఇచ్చి పుస్తకాలు

అరవైల్లో మన ఊళ్లలో పెరిగినవాళ్లకి పి.ఎల్. 480 గోధుమలు గుర్తుండే ఉంటాయి. 1954లో అమెరికా చేసిన చట్టం నంబరు అది. తమ దగ్గర మిగులుగా పండిన ధాన్యాన్ని ఇతర దేశాలకి ఆ దేశాల కరెన్సీకే అమ్మే ఏర్పాటు. మన దేశం గోధుమలు తీసుకుని రూపాయలు కట్టింది. ఆ రూపాయలు ఇండియాలోనే అమెరికా ఖాతాలో పోగుపడ్డాయి. వాటిని డాలర్లుగా మార్చి పట్టుకుపోయే వీలు లేదు. మరి ఏం చెయ్యాలి?

ఆ ప్రశ్నకి వచ్చిన జవాబుల్లో ఒకటి పుస్తకాలు. 1958లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ఆ సొమ్ములో కొంత పెట్టి అక్కడి పుస్తకాలు కొనే అధికారం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి వచ్చింది. 1962లో వాళ్లు న్యూఢిల్లీలో ఆఫీసు తెరిచారు. హిందీ, తమిళం, బెంగాలీ, తెలుగు, ఇలా అన్ని భాషల్లోనూ కొత్తగా అచ్చయినవాటిలో ఏరి, ఒక్కో పుస్తకానికి చాలా ప్రతులు కొని, ఓడల మీద అమెరికాకి పంపారు. ఒక ప్రతి వాషింగ్టన్‌లో ఉంటే, మిగిలినవి ఈ పథకంలో చేరిన యూనివర్సిటీలకి వెళ్లాయి. షికాగో, విస్కాన్సిన్, బర్క్‌లీ, పెన్సిల్వేనియా వంటివాటి తెలుగు అరల్లో చాలా భాగం అలా నిండినవే. నవలలు, నాటకాలు, కవితా సంపుటాలు, పత్రికలు అన్నీ వచ్చాయి. తెలుగు నేలమీద రెండో ముద్రణ కూడా చూడని పుస్తకాలు, విస్కాన్సిన్ మంచులో ఏసీ గదుల్లో హాయిగా కూర్చున్నాయి.

మన ఊరివాళ్లు గోధుమ రొట్టెలు తింటే, వాళ్లు మన పుస్తకాలు దాచారన్నమాట! దీన్ని తలుచుకుని కొందరు బాధపడతారు, కొందరు నవ్వుకుంటారు. ఈ వ్యాసకర్త రెండో గుంపు. ఆ అరలు లేకపోతే, వెల్చేరు నారాయణరావు గారు విస్కాన్సిన్‌లో దశాబ్దాల పాటు తెలుగు చెప్పడం గాని, అక్కడి విద్యార్థులు తెలుగు సాహిత్యం మీద పరిశోధన చేయడం గాని ఎంత కష్టమయ్యేదో ఆలోచించండి.

అసలు మెచ్చుకోవలసింది తరువాత జరిగినదాన్ని. ఎనభైల నాటికి ఆ రూపాయల నిధి అడుగంటింది. పథకం అక్కడితో ఆగిపోయి ఉండవచ్చు. ఆగలేదు. యూనివర్సిటీ లైబ్రరీలు తలా ఇంత తమ బడ్జెట్‌లోంచి వేసుకుని, ఢిల్లీ ఆఫీసు చేతే ఉమ్మడిగా పుస్తకాలు కొనిపించుకోవడం మొదలుపెట్టాయి. ఒక్కో లైబ్రరీ విడిగా హైదరాబాదులోనూ విజయవాడలోనూ మనిషిని పెట్టుకోలేదు. అందరూ కలిస్తే ఒక ఆఫీసు చాలు. పుస్తకం వివరాలు కూడా అక్కడే రాసి పంపేవారు కాబట్టి, తెలుగు చదవడం రాని ఊళ్లో కూడా ఆ పుస్తకం సరైన అరలోకి చేరింది. షికాగోలోని సెంటర్ ఫర్ రిసెర్చ్ లైబ్రరీస్ కూడా ఇదే బాటలో 1967 నుంచి దక్షిణాసియా పత్రికలనీ, అరుదైన పుస్తకాలనీ మైక్రోఫిల్ములు తీయించడానికి లైబ్రరీల చేత చందాలు వేయించింది. మన ఇళ్లల్లో నెలనెలా వేసుకునే చీటీ లాంటిదే. కాకపోతే పాట ఎవరు పాడినా ఫిల్ము అందరిదీ!

మనకి కొత్తేమీ కాదు

చేతులు కలిపి లైబ్రరీ నడపడం అమెరికావాళ్ల దగ్గర నేర్చుకోవలసిన విద్య కాదు మనకి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటి పెద్దలు పూనుకున్నారు. మూడేళ్లకి హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. అటు కోస్తాలో 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో, ఊరూరా ఉన్న గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. దేశంలో ఇలాంటి సంఘాల్లో ఇదే మొదటిదని చెబుతారు. దీని వెనక నిలబడిన అయ్యంకి వెంకటరమణయ్య గారు "గ్రంథాలయ సర్వస్వం" అని ఒక పత్రికే నడిపారు. ఏ ఊరి గ్రంథాలయం ఏం చేస్తోందో మరో ఊరికి తెలియాలి గదా! ఇవాళ్టి లైబ్రేరియన్లు సమావేశాల్లో కలిసి చేసే పని, ఆయన ఆ రోజుల్లో పోస్టుకార్డుతోనూ పత్రికతోనూ చేశారు.

కార్యకర్తలు గ్రంథాలయ యాత్రలని పేరుపెట్టి ఊళ్లమీద తిరిగారు. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో లైబ్రరీ నడిపారు. రోడ్డు సరిగ్గా లేని ఊరికి పుస్తకం పడవెక్కి వెళ్లింది. ఈసారి సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు చీరాల పక్కన వేటపాలెం దాకా వెళ్లి, 1918లో మొదలైన సారస్వత నికేతనం పిల్లలకి చూపించండి. 1929లో గాంధీగారు స్వయంగా వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. మాల్స్ చూపించడానికి ఇక్కడే బోలెడున్నాయి.

తడిసిన పుస్తకాలు, మూతపడిన వెబ్‌సైటు

పుస్తకం ఒకేచోట ఉంటే ఏమవుతుందో 2000 ఆగస్టులో హైదరాబాదులో తెలిసింది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. అందులో తెలుగు పుస్తకాలతో పాటు, అబ్దుస్ సమద్ ఖాన్ అనే హైదరాబాదీ జీవితమంతా వెతికి వెతికి కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. షికాగో, మరికొన్ని అమెరికన్ యూనివర్సిటీలు కలిసి ఆ సేకరణ కొని కూడా, దాన్ని ఓడ ఎక్కించకుండా హైదరాబాదులోనే ఉంచాయి. ఎక్కడి పుస్తకాలు అక్కడే ఉండాలి, ప్రతులు మాత్రం అందరికీ అందాలి అన్నది ఆ ఏర్పాటు. అంతకుముందు 1994లో తమిళ పుస్తకాల సేకర్త రోజా ముత్తయ్య గారి గ్రంథాలయాన్ని కూడా షికాగో ఇలాగే కొని మద్రాసులో ఉంచింది. పి.ఎల్. 480 రోజులకీ దీనికీ తేడా గమనించారా? పుస్తకాన్ని పట్టుకుపోవడం నుంచి పుస్తకం ఉన్నచోటికే వెళ్లి పనిచేయడం దాకా వచ్చారు. ఈ వ్యాసకర్తకి ఇదే ఎక్కువ నచ్చింది.

ఆ ఆగస్టులో కుండపోత వాన కురిసింది. లైబ్రరీలోకి నీళ్లు వచ్చాయి. పుస్తకాలు ముద్దగా తడిసిపోయాయి. కేంద్రంవాళ్లు ఒంటరిగా ఉండి ఉంటే కథ అక్కడితో ముగిసేదేమో. పుస్తకాలు దక్కించుకునే పనికి అమెరికాలోని భాగస్వామి లైబ్రరీల నుంచి సాయం అందింది. తడిసినవన్నీ దక్కలేదు. దక్కినవి మాత్రం చుట్టరికం వల్ల దక్కినవే.

రెండో కథ కంప్యూటర్లది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ప్రపంచ ప్రసిద్ధుడైన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలని స్కాన్ చేయించాలని సంకల్పించారు. బెంగుళూరు ఐ.ఐ.ఎస్.సి., హైదరాబాదు ట్రిపుల్ ఐటీ, తిరుమల తిరుపతి దేవస్థానం, ఎన్నో లైబ్రరీలు చేతులు కలిపితే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తయారైంది. వేలకొద్దీ తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. కానీ పుస్తకాల పేర్లు ఇంగ్లీషులో ఇష్టమొచ్చినట్టు టైపు చేయడంతో, పుస్తకం అక్కడుండీ కనబడని పరిస్థితి. తెలుగు వికీపీడియాలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కూర్చుని, ఆ పుస్తకాల పేర్లు తెలుగులో జాబితా కట్టారు. పుణ్యం కట్టుకున్నారు! 2017 ప్రాంతంలో కాపీరైటు తగాదాల మధ్య ఆ వెబ్‌సైటు మూతపడింది. అప్పటికే ఆ పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరడంతో, పాత పుస్తకాలు వెతుక్కునేవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. కాపీరైటు తీరిన పుస్తకాలని ఇప్పుడు ఎవరైనా అక్కడ చదువుకోవచ్చు. సి.పి. బ్రౌన్ నిఘంటువు, 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువు కూడా షికాగో యూనివర్సిటీవారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. పిల్లలకి తెలుగు నేర్పే తల్లిదండ్రులు ముందుగా ఆ పేజీని కంప్యూటర్లో దాచుకోవాలి.

బేస్‌మెంట్‌లో పెట్టెలు

ఇక మన ఇళ్ల సంగతి. డెబ్బైల్లో, ఎనభైల్లో ఈ దేశం వచ్చినవాళ్లు సూట్‌కేసులో ఆవకాయ సీసాకి పక్కన పుస్తకాలు సర్దుకుని తెచ్చుకున్నారు. తరువాత ప్రతి ప్రయాణానికీ నాలుగు పుస్తకాలు. ముప్ఫై, నలభై ఏళ్లకి బేస్‌మెంట్‌లో పెద్ద బీరువా అయింది. ఇప్పుడా పెద్దవాళ్లు ఇల్లు అమ్మి చిన్న ఇంటికి మారుతున్నారు. కొందరు వెళ్లిపోయారు కూడా. పిల్లలకి ఆ పుస్తకాల మీద ప్రేమ లేక కాదు. అట్టమీద పేరు చదవడం రాదు. ఏది అపురూపమో, ఏది రైల్వే స్టేషన్లో కొన్నదో వాళ్లకి ఎవరు చెబుతారు? ఆఖరికి ఆ పెట్టెలు చెత్తబండి ఎక్కడం ఎన్నో ఊళ్లలో జరుగుతూనే ఉంది.

చాలామంది మంచి మనసుతో చేసే పని, ఆ పెట్టెలని కారులో వేసుకుని ఊరి లైబ్రరీ గుమ్మం దగ్గర దించి రావడం. అక్కడ జరిగేది చెబితే బాధ కలుగుతుంది గాని చెప్పక తప్పదు. లైబ్రరీలో పుస్తకం అరలోకి ఎక్కాలంటే దానికి కేటలాగు రికార్డు కావాలి. పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, అది పిల్లలదా పెద్దలదా, కథా వ్యాసమా. వాళ్లకి ఒక్క అక్షరం అర్థం కాదు. తెలిసినవాళ్లని పెట్టి రాయించాలంటే పుస్తకం ఖరీదు కన్నా ఆ ఖర్చే ఎక్కువ. అందుకని అలా దించిన పెట్టెలు చాలావరకు డాలరుకొకటి చొప్పున అమ్మే బల్లమీదకి వెళతాయి. కొనేవాడు లేకపోతే తరువాత ఎక్కడికో మీకు తెలుసు.

అదే పని మరోలా చేస్తే ఫలితం వేరు. ముందు పెట్టె కాదు, మనిషి వెళ్లాలి. ఇతర భాషల పుస్తకాలు కొనే లైబ్రేరియన్ ఎవరో కనుక్కుని అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఊళ్లో ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయి, మన వారాంతపు తెలుగు బడిలో ఎంతమంది పిల్లలున్నారు అన్న లెక్క చేతిలో ఉంటే ఆవిడకి తన పైవాళ్లతో మాట్లాడటం తేలిక. కొనమని అడిగే పుస్తకాల జాబితా ఇచ్చేటప్పుడు ఒక్కో పుస్తకానికీ పేరు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ, రచయిత, ప్రచురణకర్త, ఐ.ఎస్.బి.ఎన్., ఏ వయసువాళ్లకి, కథ ఏమిటో రెండు వాక్యాలు. ఇంతే. వంద పుస్తకాల జాబితా కన్నా పాతిక పుస్తకాల మంచి జాబితా నయం. పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెడితే ఇంకా మంచిది. రెండు భాషల్లోనూ పక్కపక్కన ఉన్న పుస్తకాలయితే లైబ్రేరియన్ కూడా చదవగలుగుతుంది. తనకి అర్థమైన పుస్తకాన్ని పదిమందికి చూపించకుండా ఏ లైబ్రేరియనూ ఉండలేదు!

బేస్‌మెంట్ పుస్తకాలకి వేరే దారి. పెద్దవాళ్లు ఉండగానే, వాళ్ల పక్కన కూర్చుని ఒక నోటు పుస్తకంలోనో కంప్యూటర్లోనో జాబితా రాయాలి. ఆ జాబితాని వరల్డ్‌క్యాట్‌తో సరిచూస్తే, ఈ దేశంలో ఎక్కడా లేని పుస్తకాలు కొన్ని బయటపడవచ్చు. ఆ నాలుగైదు ఏవో తెలిస్తే, దక్షిణాసియా విభాగం ఉన్న యూనివర్సిటీ లైబ్రేరియన్‌కి ఆ పేర్లు పంపవచ్చు. పెట్టె పంపితే మర్యాదగా వద్దంటారు గాని, ఇలాంటి జాబితా పంపితే చదువుతారు. మన సంఘాలకి నాటకాల పోటీలకీ, భోజనాలకీ కమిటీలున్నాయి. ఇంటింటి పుస్తకాల జాబితా రాసే కమిటీ ఒకటి ఉంటే ఎవరికి నష్టం?

అర దక్కిందని అక్కడితో వదిలేయకూడదు. లైబ్రరీలో ప్రతి పుస్తకం ఎన్నిసార్లు బయటికి వెళ్లిందో కంప్యూటర్లో లెక్క ఉంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని పుస్తకాలని తీసేసి కొత్తవాటికి చోటు చేస్తారు. అది వాళ్ల ఉద్యోగ ధర్మం, మన భాష మీద కోపం కాదు. కాబట్టి ఇంట్లో అదే పుస్తకం ఉన్నా సరే, అప్పుడప్పుడు అక్కడిది కూడా తెచ్చుకోవాలి. కొట్లాడి అర పెట్టించుకుని, ప్రారంభోత్సవం నాడు ఫొటోలు దిగి, ఆ తరువాత అటువైపు వెళ్లకపోవడం మనకి అలవాటైన పనే. ఈ మాట కొంచెం గట్టిగా ఉన్నా సంపాదకులు కొట్టేయకూడదని మనవి.

ఈ సంబంధాలు వాటంతటవే నిలబడేవి కావని 2025లో మళ్లీ తెలిసింది. రాష్ట్రాల లైబ్రరీలకి కేంద్ర ప్రభుత్వ నిధులు పంచే సంస్థ ఒకటి 1996 నుంచి ఉంది. దాన్ని కుదించేయమని ఆ ఏడాది మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. నిధులు ఆగేసరికి కొన్ని రాష్ట్రాల్లో సేవలు తగ్గించారు. ఇతర లైబ్రరీల నుంచి పుస్తకం తెప్పించి ఇచ్చే సదుపాయం కూడా కొన్నిచోట్ల దెబ్బతింది. రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. కనబడని తీగె మీద నడిచే సేవ కాబట్టి, తెగితే గాని అది ఉందని మనకి తెలియదు. మీ ఊరి లైబ్రరీ బోర్డు సమావేశాలు అందరికీ తెరిచే ఉంటాయి. బడ్జెట్ చర్చ జరిగే రోజున ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్లు వెళ్లి, "మేం ఈ సేవ వాడుకుంటున్నాం" అని రెండు నిమిషాలు మాట్లాడి రావచ్చు. వాడుకుంటూ ఉంటేనే సుమా!

పిల్లలూ, ఇది మీకు

మీలో చాలామంది స్కూల్లో వాలంటీర్ గంటల కోసం వెతుక్కుంటూ ఉంటారు. లైబ్రరీలో తెలుగు స్టోరీ టైము పెడతామని అడిగి చూడండి. కథ మీరు చదవండి, తెలుగు పలకడంలో తడబడితే అమ్మమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకోండి. చదవడానికి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. ఏ స్థాయి పిల్లలకి ఏ కథో అక్కడే రాసి ఉంటుంది.

కొంచెం తెలుగు చదవడం వచ్చినవాళ్లకి ఇంకో పని ఉంది. తెలుగు వికీసోర్స్ అని ఒకటుంది. పాత పుస్తకాల స్కాన్ పేజీ ఒక పక్కన, కంప్యూటరు దాన్ని చదివి టైపు చేసిన అక్షరాలు ఇంకో పక్కన కనిపిస్తాయి. కంప్యూటరు చాలా తెలివైనదే గాని "మ"ని "య" అంటుంది, ఒత్తులు మింగేస్తుంది. మీ పని ఆ తప్పులు పట్టుకోవడం. హోంవర్కు దిద్దే టీచరు స్థానంలో మీరు, విద్యార్థి స్థానంలో కంప్యూటరు! ఈ గంటల్ని మీ స్కూలు లెక్కలో వేసుకుంటుందో లేదో ముందే కౌన్సిలర్‌ని అడిగి తెలుసుకోండి.

అక్కడ ప్రతి పేజీకీ ఒక రంగు ఉంటుంది. ఎవరూ దిద్దని పేజీ ఎరుపు. ఒకరు పూర్తిగా దిద్దితే పసుపు. ఆ తరువాత వేరే మనిషి వచ్చి మళ్లీ మొత్తం చదివి, సరిగ్గా ఉందంటేనే ఆకుపచ్చ అవుతుంది. ఒక్కరే రెండుసార్లు చదివితే ఒప్పుకోరు. హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ పసుపు దాకా తెస్తే, న్యూజెర్సీలో ఉన్న మనవరాలు ఆకుపచ్చ చేయవచ్చు, లేదా అటూ ఇటూ. లాగిన్లు మాత్రం ఎవరివి వాళ్లకి ఉండాలి.